గ్యాంగు చూడాలి

బాబాయి పెద్దకర్మకు తెనాలి వెళ్ళాను. భోజనాలు ముగిసి బంధువులు ఒక్కొక్కరే బయలుదేరుతున్న వేళ ఆయన పెద్దకొడుకు నా పక్కకు వచ్చి, "అన్నయ్యా, ఒకసారి కొట్టు దగ్గరికి వస్తావా?" అని అడిగాడు. ఇద్దరం నడుచుకుంటూ వెళ్ళాం. ఆ కొట్టుకు ఇప్పటికీ షట్టరు లేదు, చెక్క పలకల తలుపులే ఉన్నాయి. అతను వాటిని ఒక్కొక్కటిగా తీసి గోడకు ఆనిస్తుంటే, మూడో పలక తీసేసరికి లోపలి వాసన బయటికి వచ్చింది. కాలిన రోజిన్, వేడెక్కి చల్లారిన బేకలైటు, పాత రేడియోల్లో వెలిగే గాజు గొట్టాల, అంటే వాల్వుల మీద మాడిన దుమ్ము, పాత అట్టపెట్టెలు, వీటన్నిటి అడుగున ఎక్కడో సన్నగా బీడీ పొగ. నేను గడప దగ్గరే ఆగిపోయాను. ఆ వాసనలో నాకు పదకొండేళ్ళు.

ఆయన మాకు చుట్టం కాదు. ఆ వీధి పిల్లలందరికీ ఆయన రేడియో బాబాయి, అంతే. గోడ పొడుగునా ఉన్న అరల్లో ఎవరూ తిరిగి వచ్చి తీసుకువెళ్ళని సెట్లు వరుసగా ఉన్నాయి. ప్రతి సెట్టు చెవికీ దారంతో కట్టిన కాగితం ముక్క, దాని మీద బాబాయి గుండ్రటి అక్షరాలు ఉన్నాయి. 'స్పీకరు కోను చిరిగింది.' 'వాల్యూం గరగర.' 'గుయ్యి మంటోంది, ఫిల్టరు మార్చాలి.' కింది అరలో, వెనక మూత ఊడిన చిన్న ట్రాన్సిస్టర్ రేడియో కాగితం మీద మాత్రం రెండే మాటలు ఉన్నాయి: 'గ్యాంగు చూడాలి.' గ్యాంగు అంటే స్టేషన్ మార్చడానికి తిప్పే రేకుల కండెన్సరు.

"నీకేం కావాలో తీసుకో అన్నయ్యా, మిగతావి పాత సామాన్ల అతనికి ఇచ్చేస్తాను" అన్నాడు అతను. నేను దాన్ని తీసుకున్నాను.

* * *

బడి వదలగానే నా సంచీ ఆ కొట్టు మూలన పడేది. మొదటి కొన్ని నెలలు నాకు దక్కిన పని నేల ఊడవడం, కింద పడిన స్క్రూలు ఏరి హార్లిక్స్ సీసాలో వేయడం. ఆ సీసాలోకి స్క్రూలు పడేటప్పుడు వచ్చే చప్పుడును బట్టి అది ఇత్తడిదో ఇనుముదో చెప్పమని బాబాయి అడిగేవారు. అప్పట్లో అది ఆట అనుకున్నాను. ఆయన నా చెవిని తయారు చేస్తున్నారని చాలా ఏళ్ళకు గాని అర్థం కాలేదు.

అప్పటికి బజారులోకి ట్రాన్సిస్టర్లు ఏనాడో వచ్చేసినా, మరమ్మతుకు వాల్వు రేడియోలు ఇంకా వస్తూనే ఉండేవి. స్విచ్చి వేయగానే వాటికి ప్రాణం వచ్చేది కాదు. ముందు డయలు వెనక దీపం వెలిగేది, తర్వాత వాల్వుల లోపల నారింజ రంగు మెల్లగా రాజుకునేది, అర నిమిషం గడిచాక దూరం నుంచి నడిచి వస్తున్నట్టుగా గొంతు పెద్దదయ్యేది. కొన్ని ఖరీదైన సెట్లలో పిల్లికన్ను లాంటి పచ్చటి దీపం ఉండి, స్టేషన్ సరిగ్గా కుదిరినప్పుడు దాని చీకటి సందు మూసుకుపోయేది. ఈసీహెచ్ 81, ఈబీఎఫ్ 89, ఈసీఎల్ 82 అని వాల్వుల పేర్లు నాకు ఎక్కాలతోపాటే నోటికి వచ్చాయి.

బాబాయి మీటరును చివర్లో గాని చేతిలోకి తీసుకునేవారు కాదు. పలకని సెట్టు వస్తే స్పీకరు వైపు నుంచి మొదలుపెట్టి ఏరియల్ వైపుకు, అంటే వెనక నుంచి ముందుకు వెళ్ళడం ఆయన పద్ధతి. స్క్రూడ్రైవర్ మొనతో ఆడియో వాల్వు గ్రిడ్డును, అంటే దానిలోకి సిగ్నల్ వెళ్ళే కాలును తాకితే స్పీకరులో 'బుర్' మనాలి. అన్నదంటే అక్కడి నుంచి స్పీకరు దాకా దారి బాగున్నట్టే కనుక, ఒక మెట్టు ముందుకు జరగాలి. ఎక్కడ తాకితే సెట్టు మౌనంగా ఉంటుందో, జబ్బు ఆ మెట్టు దగ్గర ఉంది. గుయ్యిమనే మోత ఒకటే ఎడతెగకుండా వస్తుంటే మాత్రం వెతుకులాట అక్కర్లేదు. ఇంటి కరెంటు 50 హెర్ట్‌జ్, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ దాని అలలోని రెండు అర్ధభాగాలనూ వాడుకుంటుంది కనుక మోత 100 హెర్ట్‌జ్ అవుతుంది, ఆ గొంతు వినబడిందంటే ఆ కరెంటును నునుపు చేసే ఫిల్టరు కండెన్సరు ఎండిపోయిందని అర్థం. ఇదంతా ఆయన పాఠంలా చెప్పలేదు. నేను ఏదైనా అడగబోతే వేలు పెదవుల మీద పెట్టుకుని, "సెట్టు చెప్తోందిరా, నువ్వు మాట్లాడకు" అనేవారు.

* * *

నా చేతులతో నేను కట్టిన మొదటి వస్తువు క్రిస్టల్ రేడియో. దానికి బ్యాటరీ లేదు, కరెంటు లేదు. కరెంటు లేకుండా రేడియో పాడుతుందంటే మా అమ్మ నమ్మలేదు, నిజానికి నేనూ నమ్మలేదు.

పాత సెట్టులోంచి తీసిన ఫెరైట్ కడ్డీకి కాగితం చుట్టి, దాని మీద ఎనామిల్ పూసిన రాగి తీగను పక్కపక్కనే ఆనుకునేలా చుట్టాలి. నలభయ్యో చుట్టు దగ్గర అమ్మ పిలిస్తే లెక్క తప్పిపోయి మొత్తం విప్పి మళ్ళీ మొదలుపెట్టిన రోజులున్నాయి. చుట్టు కదలకుండా కొవ్వొత్తి మైనం కరిగించి పోసేవాళ్ళం. దానికి జతగా ఒక గ్యాంగు కండెన్సరు, ఒక ఓఏ 79 డయోడు, చెవిలో పెట్టుకునే క్రిస్టల్ ఇయర్‌ఫోన్ ఉంటే సరిపోయేది. ఆ డయోడు వడ్లగింజంత గాజు గొట్టం. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే లోపల జెర్మేనియం ముక్క మీద వాలిన వెంట్రుక లాంటి తీగ కనబడేది. సిలికాన్ డయోడుకు 0.6 వోల్టులైనా అందితే గాని దారి ఇవ్వదు, జెర్మేనియానికి 0.2 వోల్టులు చాలు. గాలిలోంచి వచ్చే అంత చిన్న కరెంటుకు అదే తగినది.

ఏరియల్ కోసం మా డాబా పిట్టగోడ నుంచి పెరట్లోని కొబ్బరిచెట్టు దాకా తీగ లాగాను. ఎర్తు కోసం చేతిపంపు గొట్టాన్ని గరుకు కాగితంతో రుద్ది తీగ చుట్టాను. ఇంట్లో విద్యుత్ సోల్డరింగ్ ఐరన్ లేదు కనుక, వీధి చివర గిన్నెలకు కళాయి పోసే తాతను బతిమాలి, చెక్క పిడి బిగించిన లావుపాటి రాగి కడ్డీ ఒకటి సంపాదించాను. దాన్ని అమ్మ బొగ్గుల కుంపటిలో కాల్చి, నవాసాగరం ముద్దకు రుద్ది, లెడ్డు అంటించేవాణ్ణి. సోల్డరింగ్ తీగను మేమందరం లెడ్డు అనే అనేవాళ్ళం, ఇప్పటికీ నా నోటికి అదే వస్తుంది. అందులో తగరం 60 పాళ్ళు, సీసం 40 పాళ్ళు, కరగడం 183 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. కరిగిన లెడ్డు అద్దంలా మెరిసి, గడ్డకట్టే క్షణంలో దాని మీద ఒక సన్నటి పొర పాకుతుంది. ఆ క్షణంలో చేయి కదిలితే అతుకు బూడిద రంగులోకి మారి పనికిరాకుండా పోతుంది. ఊపిరి బిగబట్టి పని చేయడం నాకు అక్కడే అలవాటైంది.

మొదటి రాత్రి గ్యాంగు తిప్పుతుంటే చీమ మాట్లాడినంత సన్నగా ఒక గొంతు వచ్చి, కాసేపటికే నలిగి, ఆగిపోయింది. తీగలన్నీ కదిపి చూశాను. ఇయర్‌ఫోన్ తీసి మళ్ళీ తగిలిస్తే మళ్ళీ ఒక్క క్షణం పలికి ఆగేది. మర్నాడు ఆ పలకను బాబాయి ముందు పెట్టాను. ఆయన చూసి, "డయోడు ఒకవైపే దారి ఇస్తుంది. నీ ఇయర్‌ఫోన్‌లో తీగ చుట్టు లేదు, క్రిస్టల్ బిళ్ళ ఉంది. లోపలికి వచ్చిన కరెంటు బయటికి ఎక్కడినుంచి పోవాలిరా?" అని అడిగారు. నేను ఆలోచిస్తూ నిలబడ్డాను. ఆయన తొందరపెట్టలేదు, వేరే సెట్టు పని చూసుకున్నారు. చాలాసేపటికి, "పక్కనుంచి ఇంకో దారి వేయాలా?" అన్నాను. అప్పుడు డబ్బాలోంచి ఒక రెసిస్టరు తీసి అరచేతిలో పెట్టారు. పసుపు, ఊదా, నారింజ రంగుల గీతలున్న 47 కిలో ఓమ్ రెసిస్టరు అది. ఇయర్‌ఫోన్‌కు అడ్డంగా దాన్ని అతికాను.

ఆ రాత్రి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకునే నిద్రపోయాను. తెల్లవారుజామున తంబురా మీద తేలే వయొలిన్ బాణీ నన్ను లేపింది. ఆ వెంటనే, "ఆకాశవాణి, విజయవాడ కేంద్రం" అని వినబడింది. 1948లో మొదలైన ఆ కేంద్రం 837 కిలోహెర్ట్‌జ్ మీద పలికేది. ముప్పై కిలోమీటర్ల దూరం నుంచి, ఒక కొబ్బరిచెట్టును పట్టుకుని, ఆ గొంతు నా మంచం దాకా వచ్చింది. అమ్మను లేపి తన చెవిలో పెట్టాను. తను కాసేపు విని, ఏమీ అనకుండా నా తల నిమిరింది.

* * *

రెసిస్టర్ల గీతల రంగుల లెక్క అప్పటి నుంచే పట్టుకుంది. మొదటి రెండు గీతలు అంకెలు, మూడోది వాటి పక్కన ఎన్ని సున్నాలో చెబుతుంది. నలుపు సున్న, గోధుమ ఒకటి, ఎరుపు రెండు, నారింజ మూడు, పసుపు నాలుగు, ఆకుపచ్చ అయిదు, నీలం ఆరు, ఊదా ఏడు, బూడిద ఎనిమిది, తెలుపు తొమ్మిది. అమ్మ చేతి గాజుల్లో ఎరుపు, ఎరుపు, గోధుమ వరుసగా కనబడితే నాకు 220 ఓమ్‌లు అనిపించేది. పెళ్ళిపందిట్లో గాజుల మలారం పక్కన నిలబడి విలువలు లెక్కపెట్టుకున్న రోజు నాకు బాగా గుర్తుంది.

కిట్లు తెనాలిలో దొరికేవి కావు. విజయవాడ గవర్నర్‌పేటకు పాసింజరు బండిలో వెళ్ళి తెచ్చుకోవాలి. కృష్ణ వంతెన మీదకు రాగానే బండి చప్పుడు మారేది, ఆ చప్పుడు వినబడితే జేబులోని డబ్బులు మరొకసారి తడిమి చూసుకునేవాణ్ణి. వేసవి సెలవులంతా బాబాయి దగ్గర, బ్యాటరీ బదులు ఇంటి కరెంటుతో రేడియో నడిపే బ్యాటరీ ఎలిమినేటర్లకు ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టి సంపాదించిన డబ్బులవి. ఆరు ట్రాన్సిస్టర్ల రేడియో కిట్టు అంటే ఒక పాలిథిన్ సంచి. అందులో కరెంటు పారని హైలం షీటు మీద అచ్చువేసిన బోర్డు, చిన్న పొట్లాల్లో విడిభాగాలు, నాలుగు మడతల కాగితం మీద సర్క్యూటు బొమ్మ ఉండేవి. నేను తెలుగు మీడియం పిల్లవాణ్ణి. ఆ కాగితం మీది ఇంగ్లీషు సగం అర్థమయ్యేది కాదు గాని, బొమ్మకు భాష అక్కర్లేదు. 1969లో మొదలైన 'ఎలక్ట్రానిక్స్ ఫర్ యు' పత్రిక పాత సంచికలను కూడా నేను అలాగే చదివాను. ముందు 'సర్క్యూట్ ఐడియాస్' పేజీల్లోని బొమ్మ చూసేవాణ్ణి, అది బోధపడ్డాక దాని చుట్టూ ఉన్న ఇంగ్లీషు దానంతటదే తెలిసేది. నాకు ఇంగ్లీషు నేర్పింది ఆ బొమ్మలేనని చెప్పుకోవడం నాకు ఇష్టం.

ఆ కిట్టులో నేను ఒక ట్రాన్సిస్టర్‌ను చంపాను. ఏసీ 128 జెర్మేనియందే, వేడికి ఓర్చుకోదు. దాని కాలును నోస్ ప్లయరుతో పట్టుకుని, వేడి పైకి ఎక్కకుండా ప్లయరులోకి దిగిపోయేలా చూస్తూ అతకాలి. తొందరలో పట్టుకోలేదు. దాని వెండి టోపీ చల్లారాక వేలితో తాకి చూశాను, చూడ్డానికి ఏ తేడా లేదు, లోపల మాత్రం అది పోయింది. బాబాయి తిట్టలేదు. పాత సెట్టులోంచి ఇంకొకటి తీసిస్తూ, "దీన్ని కూడా ఎవరో ఒకరు జాగ్రత్తగా పట్టుకుని అతికారు" అన్నారు.

అన్నీ అతికాక అసలు పని మొదలయ్యేది. బోర్డు మీద రంగు తలలున్న చిన్న లోహపు డబ్బాలు నాలుగు ఉంటాయి. ఎర్ర తల ఆసిలేటర్ కాయిలుది, పసుపు, తెలుపు, నలుపు తలలు వరుసగా మూడు ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్లవి. ఏ స్టేషన్ పట్టినా సెట్టు దాన్ని లోపల ఒకే ఫ్రీక్వెన్సీకి మార్చుకుంటుంది, దాన్నే ఐఎఫ్ అంటారు. ఆ మూడింటినీ 455 కిలోహెర్ట్‌జ్‌కు కుదర్చాలి. మాకు సిగ్నల్ జనరేటర్ లేదు, నీరసంగా వచ్చే ఒక స్టేషనే ఆధారం. ఇనుప స్క్రూడ్రైవర్ దగ్గరికి తేగానే కాయిలు గుణం మారిపోతుంది కనుక, బాబాయి వెదురు పుల్లను బ్లేడుతో చెక్కి ఉలిమొనలా చేసి ఇచ్చారు. దానితో ఫెరైట్ మరను వెంట్రుక వాసి తిప్పుతూ, శబ్దం పెరుగుతోందా తగ్గుతోందా అని వినాలి. మూడూ కుదిరిన క్షణంలో గరగరలన్నీ అడుగుకు దిగిపోయి గొంతు ఒక్కటే పైకి తేలుతుంది. ఆ తేలడాన్ని నేను మాటల్లో ఇంతకన్నా బాగా చెప్పలేను. ఆ వెదురు పుల్ల ఇప్పటికీ నా దగ్గర ఉంది.

* * *

పాలిటెక్నిక్‌లో చేరేనాటికి బోర్డులు మేమే చేసుకునేవాళ్ళం. రాగి పూత ఉన్న షీటు మీద అక్క గోళ్ళరంగుతో దారులు గీసి, ఫెర్రిక్ క్లోరైడు నీళ్ళలో ముంచి, డాబా మీద ఎండలో పెట్టేవాళ్ళం. ఎండకు నీళ్ళు వేడెక్కితే రాగి తొందరగా కరుగుతుంది. పళ్ళెం అటూ ఇటూ ఊపుతూ కూర్చుంటే, గోళ్ళరంగు లేని చోట రాగి మెల్లగా గులాబి రంగుకు మారి, తర్వాత మాయమై, కింది గోధుమ రంగు బయటపడేది. ఆ నీళ్ళు పడిన స్నానాల గది నేల మీద తుప్పు మరకలు పోనే లేదు. ఇల్లు అమ్మేటప్పుడు కూడా అవి అలాగే ఉన్నాయి.

ఆ ఏడు మా వీధి శ్రీరామనవమి పందిరి దీపాలు నేను చేస్తానన్నాను. అంతవరకు దీపాలు పరుగెత్తాలంటే మోటారుతో తిరిగే చెక్క డ్రమ్ము, దాని మీద రాగి రేకులు ఉండాల్సిందే. తిరుగుతున్నంతసేపూ అది నిప్పురవ్వలు రాల్చేది. నేను 555 ఐసీతో (చిప్పుతో) తాళం, 4017 ఐసీతో లెక్క, నాలుగు ఎస్ఎల్ 100 ట్రాన్సిస్టర్లు, కరెంటు అందగానే టక్కుమని అంటుకునే స్విచ్చిల్లాంటి నాలుగు రిలేలు పెట్టి ఒక పెట్టె కట్టాను. 4017 పది దాకా లెక్కపెడుతుంది. మనకు నాలుగే కావాలి కనుక, అయిదో వంతు వచ్చే పదో కాలును పదిహేనో కాలుకు కలిపితే అది మళ్ళీ మొదటికి వస్తుంది. ఆరు వోల్టుల రంగు బల్బులు దాదాపు నలభై వరుసగా కలిపితే 230 వోల్టులకు సరిపోతాయి. అలాంటి సీరియల్ సెట్లు పందిరంతా కట్టాం.

ఇంట్లో చక్కగా నడిచిన పెట్టె పందిట్లో తప్పింది. దీపాలు నాలుగైదు చుట్లు సరిగ్గా పరుగెత్తి, ఉన్నట్టుండి ఒక వరుసను దాటేసేవి. కల్యాణానికి జనం వచ్చేస్తున్నారు, పెద్దలు పాత డ్రమ్ము తెప్పిద్దామంటున్నారు. నేను మీటరు పట్టుకుని చెమటలు కారుస్తుంటే బాబాయి వచ్చారు. పెట్టె పక్కన అరుగు మీద కూర్చుని, దీపాల వైపు చూడకుండా, కళ్ళు మూసుకుని రిలేల చప్పుడు విన్నారు. టక్, టక్, టక్, టక్. టక్, టకటక్. "రెండు చప్పుళ్ళు ఒకదాన్నొకటి తోసుకుని వస్తున్నాయి. నీ ఐసీ వరుసను దాటడం లేదురా, దానికి ఒక దెబ్బ ఎక్కువ తగులుతోంది" అన్నారు. అప్పుడు నాకు తట్టింది. రిలే మొనల దగ్గర నిప్పురవ్వ పుట్టినప్పుడల్లా దాని అలజడి తీగల వెంట వచ్చి 4017కు ఇంకొక తాళంలా వినబడుతోంది. తాళం తీగను నేను రిలే తీగలతో కలిపి అందంగా జడలా అల్లాను. ఆ జడ విప్పేసి, తాళం తీగను దూరంగా లాగి, ఐసీకి కరెంటు అందే పదహారో కాలికీ ఎనిమిదో కాలికీ మధ్య ఒక 0.1 మైక్రోఫారడ్ కండెన్సరు అతికాను. తలంబ్రాలు పోసే వేళకు దీపాలు ఒక్క అడుగు తప్పకుండా పరుగెత్తాయి. బాబాయికి ఐసీల గురించి నాకన్నా తక్కువ తెలుసు. అయినా జబ్బు పట్టుకున్నది ఆయనే.

* * *

డిప్లొమా తర్వాత హైదరాబాదు వచ్చి టీవీల సర్వీసులో చేరాను. 1967లో ఈసీఐఎల్, అంటే ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా పుట్టిన ఊరది, మోగల్లు అనే పల్లె నుంచి వచ్చిన ఎ.ఎస్. రావు గారు దాన్ని నిలబెట్టారన్నది మాలాంటి కుర్రాళ్ళకు పెద్ద ధైర్యం. మా సర్వీసులో ఒక పెద్దాయన 1975-76లో ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి 2,400 గ్రామాలకు టీవీ చూపించిన రోజుల్లో ఈసీఐఎల్ సెట్ల పని మీద పల్లెలు తిరిగారు. కోళ్ళ గూటి వలతో చేసిన మూడు మీటర్ల డిష్‌ను ఆకాశానికి గురిపెట్టి, మబ్బుల వెనక నుంచి బొమ్మ దించిన కథలు ఆయన చెబుతుంటే టిఫిన్ చల్లారిపోయేది. ఆదివారాలు కోఠీ గుజరాతీ గల్లీలోనే గడిచేవి. కావలసింది కొన్నాక కూడా అక్కడ ఊరికే తిరిగేవాణ్ణి.

పిక్చర్ ట్యూబు టీవీ ఉన్న గదిలోకి అడుగు పెట్టగానే, బొమ్మ చూడకముందే, సెట్టు ఆన్‌లో ఉందని నాకు తెలిసేది. సెకనుకు 25 బొమ్మలు, ఒక్కో బొమ్మకు 625 గీతలు, వెరసి 15,625 హెర్ట్‌జ్ దగ్గర లైన్ ట్రాన్స్‌ఫార్మర్ సన్నగా కూసేది. కూత వినబడుతూ తెర నల్లగా ఉందంటే జబ్బు ఒక చోట, కూతే లేదంటే జబ్బు మరో చోట ఉన్నట్టు. తలుపు దగ్గరే సగం పని అయిపోయేది. ఇప్పుడు ఆ సెట్లూ లేవు, అంత సన్నటి శబ్దం నా చెవికీ ఆనదు. ఏది ముందు పోయిందో నేను గమనించలేదు, అదే నాకు బాధగా ఉంటుంది.

* * *

తెనాలి నుంచి తెచ్చిన రేడియోను రాత్రి బల్ల మీద పెట్టి విప్పాను. బాబాయి కట్టిన కాగితాన్ని తీయలేదు. లోపల లెడ్డు అతుకులు ఇంకా మెరుస్తున్నాయి. అందులో మూడు అతుకులు ఆయనవే. తీగను అతికే ముందు సగం చుట్టు తిప్పడం ఆయన అలవాటు, ఎక్కడున్నా గుర్తుపడతాను.

మీటరు తియ్యబోయి ఆగాను. కొత్త బ్యాటరీలు వేసి, గ్యాంగు చక్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా తిప్పాను. మొదటి సగం దూరం హోరు సమానంగా ఉంది. సరిగ్గా 800 దాటిన చోట 'కర్' మని, హోరు తెగిపోయి, కొంచెం ముందుకు జరపగానే మళ్ళీ వచ్చింది. వెనక్కి తిప్పినా అదే చోట 'కర్' మంది. తిరిగే రేకుల్లో ఒకటి వంగి పక్క రేకును తాకుతోంది. తాకే చోటు విజయవాడ స్టేషన్ ఉండే చోటే కనుక, ఈ సెట్టు యజమాని దాన్ని పట్టుకుని కొట్టుకు వచ్చి ఉంటాడు.

రేకుల సందున దూర్చడానికి పోస్టుకార్డు మందం కాగితం కావాలి. దీపం వెలుతురులో ఏ రేకో సరిగ్గా కనబడటం లేదు. వెదురు పుల్లనూ భూతద్దాన్నీ బల్ల మీద తీసి పెట్టుకున్నాను, పొద్దున కిటికీ దగ్గర ఎండ పడగానే కూర్చుంటాను.